ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను మేడం, ఇప్పుడేం చెయ్యాలి?

ఈసారి ఉత్తరం బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి దగ్గర్నుంచి వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఒక జడ్పీ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. పాపని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఈ జవాబు ముందు ఆ అమ్మాయికి మెయిల్‌లో పంపి, తను సరే అన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

ఉత్తరం చాలా పెద్దది, సారాంశం ఇది. తను చెప్పే ఏడో తరగతిలో ఒక పాప ఉంది. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళి మూడేళ్ళు అయింది, నాన్న లేడు. పాప వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంటుంది, పిన్ని, బాబాయ్, చూపు సరిగ్గా ఆనని అమ్మమ్మ. పిన్ని రొయ్యల కంపెనీలో పని చేస్తుంది, వారం మార్చి వారం నైట్ షిఫ్ట్. పాప ఎప్పుడూ అల్లరి చెయ్యదు, అందరికంటే ముందు స్కూల్‌కొస్తుంది, బెల్ కొట్టాక కూడా వరండాలో కూర్చుని ఉంటుంది. పిన్నికి నైట్ షిఫ్ట్ ఉన్న రోజుల్లో క్లాస్‌లోనే నిద్రపోతుంది. ఒక శనివారం ఈ అమ్మాయి దగ్గరకొచ్చి "రేపు స్పెషల్ క్లాస్ పెట్టరా టీచర్" అని అడిగింది. ఆదివారం పిల్లలెవరూ రారు కదమ్మా అంటే, "నేనొక్కదాన్నే వస్తాను" అంది. తర్వాత వారం దసరా సెలవులు ఎన్ని రోజులు అని అడిగి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, అక్కడే నిలబడి ఏడ్చింది. అప్పుడు చెప్పింది. పిన్ని డ్యూటీకి వెళ్ళిన రాత్రి బాబాయ్ గదిలోకి వస్తాడని, తనకి భయమని, అమ్మకి చెప్తే అమ్మ చచ్చిపోతుందని బాబాయ్ అన్నాడని. అంతకు మించి ఏం చెప్పలేదు. చెప్పి, ఈ అమ్మాయి చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుని "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి టీచర్" అంది. వేసింది.

ఆ తర్వాత ఈ అమ్మాయి రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే హెచ్ఎం గారికి చెప్తే "ఆడపిల్ల విషయం, ముందు నిజమో కాదో తేల్చుకో, స్కూల్ పేరు పోతుంది, నువ్వు రెండు నెలల్లో వెళ్ళిపోతావు" అన్నారట. క్లాస్ టీచర్ "ఆ పిల్ల ముందు నుంచీ అబద్ధాలాడుద్ది" అన్నారట. ఏం చెయ్యాలో తెలీక బీఈడీ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో పాప పేరు, ఊరు పెట్టి సలహా అడిగింది. ఇంట్లో వాళ్ళమ్మ మాత్రం "పెళ్ళి కావాల్సిన పిల్లవి, పోలీస్ స్టేషన్లు కోర్టులు మనకెందుకు" అని ఫోన్ లాక్కున్నంత పని చేసిందట. చివర్లో ఇలా రాసింది: "నిజమో కాదో నాకెలా తెలుస్తుంది మేడం, నేను చెప్తే పాపని హోమ్‌లో పడేస్తారా, నేను ఒట్టు తప్పితే తను ఇంక జన్మలో ఎవరినైనా నమ్ముద్దా, నాకు సర్టిఫికెట్ ఆపేస్తారా. అసలు నేను టీచర్‌గా పనికొస్తానా."

అమ్మా,

నీ మెయిల్ చూసిన వెంటనే నీకు రెండు లైన్లు రాశాను, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కి ఫోన్ చెయ్యి, గ్రూప్‌లో పెట్టిన మెసేజ్ డిలీట్ చెయ్యి అని. నువ్వు "చేస్తాను మేడం, కానీ చేశాక ఏం జరుగుద్దో తెలీకుండా చెయ్యి రావట్లేదు" అని జవాబిచ్చావు. న్యాయమైన మాటే. అందుకే ఏం జరుగుతుందో, ఏ దారిలో వెళ్తే ఎక్కడ తేలతావో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. కూర్చుని చదువు, కానీ రేపటికి వాయిదా వెయ్యకు.

ముందు నీ చివరి ప్రశ్నకి చెప్తాను. స్కూల్లో అంతమంది టీచర్లు ఉండగా ఆ పాప మూడు వారాల క్రితం వచ్చిన నీ దగ్గరికి వచ్చి చెప్పింది. ఆదివారం క్లాస్ పెట్టమని అడిగినప్పుడు నువ్వు నవ్వి పంపెయ్యకుండా గుర్తుపెట్టుకున్నావు, అందుకే రెండోసారి వచ్చింది. పిల్లలు ముందు ఇలాగే చిన్న ముక్క వదిలి చూస్తారు, ఎదుటివాళ్ళు దాన్ని పట్టుకుంటారో లేదో అని. నువ్వు పట్టుకున్నావు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు ఎలిమెంటరీ స్కూల్లో పోస్టింగ్. నాలుగో తరగతిలో ఒక పిల్లాడు, సాయంత్రం బెల్ కొట్టినా ఇంటికి వెళ్ళేవాడు కాదు. బోర్డు తుడిచేవాడు, బల్లలు సర్దేవాడు, బిందెలో నీళ్ళు నింపేవాడు, నేను తాళం వేసే దాకా నా వెనకాలే. ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయాను నేను. ఒకరోజు సెంటర్లో వాళ్ళ నాన్న కనిపిస్తే "మీ వాడు బంగారం అండీ, సాయంత్రం ఆరింటి దాకా నాకు సాయం చేస్తాడు" అని పొగిడాను. మర్నాడు ఆ పిల్లాడు పలక ఎడమ చేత్తో పట్టుకుని వచ్చాడు. కుడి చేతి వేళ్ళు వాచి, మధ్య వేలు గోరు కింద నల్లగా రక్తం గడ్డకట్టి ఉంది. ఏమైందిరా అంటే గేదె తొక్కింది టీచర్ అన్నాడు. నమ్మాను, పసుపు రాసి పంపాను. ఆ సాయంత్రం నుంచి బెల్ కొట్టగానే అందరికంటే ముందు పరిగెత్తేవాడు. సంక్రాంతి తర్వాత బడికే రాలేదు. వాళ్ళ నాన్న తాగొచ్చి ఎలా కొట్టేవాడో తర్వాత పక్కింటావిడ చెప్తే తెలిసింది నాకు. వాడు బడిలో దాక్కుంటున్నాడు, ఆ దాక్కున్న చోటేదో వాళ్ళ నాన్నకి చూపించింది నేను.

ఇది ఎందుకు చెప్తున్నానంటే రెండు విషయాలు. ఒకటి, మనకి అల్లరి పిల్లలే కనిపిస్తారు, ఒద్దికగా ఉన్న పిల్లల్ని మెచ్చుకుని వదిలేస్తాం, నీ పాపని కూడా అందరూ "సైలెంట్ పిల్ల, మంచి పిల్ల" అనే అనుంటారు. ఇంటికి వెళ్ళనని మొరాయించడం, సెలవులంటే భయపడటం, ఉన్నట్టుండి చదువు పడిపోవడం, ఫలానా మనిషి పేరెత్తితే ముడుచుకుపోవడం, వేళాపాళా లేని నిద్ర, వయసుకి మించిన మాటలు, పదేళ్ళొచ్చాక మళ్ళీ పక్క తడపడం, వీటిలో ఏ ఒక్కదాన్ని చూసి ఇదే అని చెప్పలేం. పేదరికం వల్ల కూడా పిల్లలు క్లాస్‌లో నిద్రపోతారు, తల్లి మీద బెంగతో కూడా ఏడుస్తారు. కానీ నువ్వు చూసినవి ఒకదానికొకటి అతుకుతున్నాయి చూడు, పిన్ని నైట్ షిఫ్ట్ ఉన్న వారమే నిద్ర, ఆదివారం భయం, సెలవుల భయం, పైన పాప నోటి మాట. నోటి మాట వచ్చాక ఇంక గుర్తుల లెక్క అక్కర్లేదు.

రెండోది ఇంటివాళ్ళకి ముందు చెప్పడం గురించి, దాని దగ్గరికి వస్తాను.

నిజమో కాదో తేల్చుకో అన్నారు హెచ్ఎం గారు. తేల్చడం నీ పని కాదమ్మా, ఆవిడ పనీ కాదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది, అందులో 19వ సెక్షన్ ఏమంటుందంటే నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందని అనుమానం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకి గానీ పిల్లల కోసం ఉండే స్పెషల్ జువెనైల్ పోలీస్ యూనిట్‌కి గానీ చెప్పాలి. సాక్ష్యం తెమ్మని ఎక్కడా లేదు. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ. ఇది హెచ్ఎం గారికీ వర్తిస్తుంది, ఇంటర్న్‌వైనా నీకూ వర్తిస్తుంది. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలో ఒక హాస్టల్ ఆడపిల్లల కేసు ఉంది, వాళ్ళకి వైద్యం చేసిన డాక్టర్ విషయం తెలిసీ చెప్పలేదని కేసు పెడితే హైకోర్టు కొట్టేసింది, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కొట్టివేతని రద్దు చేసి, ఇలాంటివి వెంటనే చెప్పకపోతే ఈ చట్టం ఉండీ ఉపయోగం లేదన్నట్టు చెప్పింది. నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు. నీ మీద "ఎందుకు చెప్పావ్" అని వచ్చేవాళ్ళకి నువ్వు చూపించడానికి చెప్తున్నాను. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసులు ఉండవని కూడా అదే 19వ సెక్షన్‌లో రాసి ఉంది. తప్పుడు ఫిర్యాదుకి శిక్ష ఉంది నిజమే, కానీ అది కక్షతో, కావాలని అబద్ధం చెప్పినవాళ్ళకి. పాప చెప్పింది పాప మాటల్లోనే చెప్పే నీకు కాదు.

"అబద్ధాలాడుద్ది" అన్న క్లాస్ టీచర్ మాటకి నాకు కోపం వచ్చింది, దాచుకోను. పెన్సిల్ పోయిందని, హోమ్‌వర్క్ ఇంట్లో మర్చిపోయానని అబద్ధమాడే పిల్లలు ఇలాంటివి కల్పించి తల మీద ఒట్టు వేయించుకోరు. పైగా ఇలాంటి ఇళ్ళల్లో బతికే పిల్లలకి చిన్న చిన్న అబద్ధాలు అలవాటవుతాయి, దెబ్బ ఎలా తగిలిందంటే ఏదో ఒకటి చెప్పాలి కదా, మా వాడి గేదెలాగ. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం చేసింది, అందులో మన రాష్ట్రం కూడా ఉంది. సగం మందికి పైగా పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు, అలా చెప్పినవాళ్ళలో సగానికి పైగా మగపిల్లలే (రేపు టీచరయ్యాక మగపిల్లల్ని కూడా చూడు, వాళ్ళని అడిగేవాళ్ళే ఉండరు). చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళే, నమ్మినవాళ్ళే. ఎక్కువ మంది పిల్లలు అప్పటిదాకా ఎవరికీ చెప్పనే లేదు. అంటే మామూలుగా జరిగేది అబద్ధం చెప్పడం కాదు, అసలు చెప్పకపోవడం.

సరే, దారులు చూద్దాం.

ఒకటి, ఇంకొన్ని రోజులు చూడటం. నీకు లోపల ఇదే అనిపిస్తోందని నాకు తెలుసు, ఇంకొంచెం ఖాయమైతే బాగుండు అని. కానీ నువ్వు చూసే ఆ కొన్ని రోజులు ఆ పాప గడపాల్సిన రాత్రులు. ఎనిమిది రోజుల్లో దసరా సెలవులు, ఆ తర్వాత నీ కళ్ళ ముందు కూడా ఉండదు.

రెండోది, పాప వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యడం. నువ్వు ఉత్తరంలో రాశావు కదా, తన నంబర్ అడ్మిషన్ రిజిస్టర్‌లో దొరుకుతుందేమో అని. తల్లికి తెలియాలి, అందులో మాట లేదు, మూడేళ్ళుగా పిల్ల కోసమే పరాయి దేశంలో ఇంకొకళ్ళ ఇల్లు తుడుస్తున్న మనిషి ఆవిడ. కానీ ఆ తల్లి స్థితి ఆలోచించు. పాస్‌పోర్ట్ చాలాసార్లు యజమాని దగ్గరే ఉంటుంది, రేపు విమానం ఎక్కి వచ్చెయ్యలేదు. డబ్బులు పంపేది బాబాయ్ అకౌంట్‌కే అన్నావు, ఇమోలో వీడియో కాల్ చేసేది కూడా బాబాయ్ ఫోన్‌కే, పాప తల్లితో మాట్లాడేది ఆయన పక్కన కూర్చుని ఉండగా. నువ్వు ఈ మాట చెప్పగానే ఏ తల్లైనా చేసేది ఒక్కటే, వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి ఏడవడం. అరగంటలో ఆ ఇంట్లో తెలిసిపోతుంది, పాప ఇంకా ఆ ఇంట్లోనే ఉంటుంది. మర్నాడు "నేను అబద్ధం చెప్పాను టీచర్" అని నీ దగ్గరికొచ్చి చెప్తుంది, లేకపోతే స్కూల్‌కే రాదు. నేను ఆ పిల్లాడి తండ్రితో మాట్లాడిన దానికి ఏమైందో చెప్పాను కదా. కాబట్టి తల్లికి చెప్పాలి కానీ పాప క్షేమంగా ఉన్నాక, అధికారుల ద్వారా చెప్పాలి. పిన్నితో మాట్లాడటం కూడా ఇంతే, ఆవిడ మంచిదే కావచ్చు, కానీ అటు భర్త, ఇటు అక్క కూతురు, ఆవిడ ఎటు నిలబడుతుందో మనం ముందే చెప్పలేం.

మూడోది, హెచ్ఎం ద్వారా వెళ్ళడం. స్కూల్ కలిసి వస్తే పని సులువవుతుంది, పాపని స్కూల్లోనే ఉంచి మాట్లాడించొచ్చు, అటెండెన్స్, అడ్రస్ అన్నీ వాళ్ళ దగ్గరుంటాయి. మళ్ళీ ఒక్కసారి వెళ్ళి అడిగి చూడు, కానీ ఈసారి సలహా అడగడానికి కాదు, చెప్పడానికి. "మేడం, నేను ఈ రోజు 1098 కి చేస్తున్నాను, మీరు కూడా పక్కన ఉంటే మన స్కూలే చెప్పినట్టు ఉంటుంది" అను. చాలామంది హెచ్ఎంలు చెడ్డవాళ్ళు కాదు, భయపడతారు, ఎదుటివాళ్ళు నిలబడితే వాళ్ళూ నిలబడతారు. ఒప్పుకోకపోతే ఆవిడ పర్మిషన్ నీకు అక్కర్లేదు. ఆవిడకి చెప్పానులే అని ఊరుకుంటే నీ బాధ్యత తీరదు, ఆవిడ పోలీసులకి చెప్పలేదని నీకు తెలుసు కదా. అడగడానికి మాత్రం ఒక పూట కంటే ఎక్కువ ఇవ్వకు.

నాలుగోది 1098. 1996లో ముంబైలో మొదలైన చైల్డ్‌లైన్ అది, 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది, అత్యవసర నంబర్ 112 తో కలిపారు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు. నువ్వు ఇంటర్న్‌వని, నీకేం జరుగుద్దో అని భయంగా ఉందని కూడా వాళ్ళకి చెప్పొచ్చు. వాళ్ళు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కి చెప్తారు, అక్కడి మనిషి వచ్చి పాపని కలుస్తారు, పోలీసులకి, బాలల సంక్షేమ కమిటీకి విషయం వెళ్తుంది. నీలాగా ఒంటరిగా ఉన్నవాళ్ళకి మొదటి ఫోన్‌గా ఇదే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అవతల మాట్లాడేవాళ్ళకి పిల్లల విషయాలు రోజూ ఉండే పని. దీనిలో ఇబ్బంది ఏంటంటే ఒక్కోసారి మనిషి రావడం ఆలస్యమవుతుంది, అప్పుడు మళ్ళీ చెయ్యాలి, సాయంత్రంలోపు కదలిక లేకపోతే ఐదో దారి.

ఐదోది నేరుగా పోలీసులు. 112 కి చెయ్యొచ్చు, స్టేషన్‌కి వెళ్ళొచ్చు. చట్టం దృష్టిలో పూర్తిగా సరిపోయేది ఇదే. స్టేషన్లో ఎవరైనా రాసుకోవడానికి వెనకాడితే "19వ సెక్షన్ కింద చెప్తున్నాను, రాసుకుని నంబర్ ఇవ్వండి" అను, రాసుకోవాలి, రాసింది నీకు చదివి వినిపించాలి. వాళ్ళ పరిధి కాకపోయినా ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. ఒంటరిగా వెళ్ళకు, మీ కాలేజీ లెక్చరర్లలో నీకు నమ్మకం ఉన్న ఒకరిని తీసుకెళ్ళు. ఊరు చిన్నది, ఆ బాబాయ్‌కి స్టేషన్లో తెలిసినవాళ్ళున్నారని నీకు అనుమానముంటే ముందు 1098 కి చేసి ఆ మాట కూడా చెప్పు.

ఇక చెప్పాక పాపకి ఏమవుతుంది. మనమంతా సినిమాల్లో చూసినట్టు జీపు రావడం, ఊరంతా చుట్టూ మూగడం, అలా ఉండకూడదని చట్టంలోనే ఉంది. పాప మాట్లాడటానికి స్టేషన్‌కి వెళ్ళక్కర్లేదు, ఇంట్లో గానీ పాప కోరుకున్న చోట గానీ తీసుకోవాలి, పాపకి ఇల్లే భయం కాబట్టి ఇంకో చోటు అని నువ్వు ముందే చెప్పు. వీలైనంత వరకు ఎస్ఐ ర్యాంకుకి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు, ఆ బాబాయ్ పాప కంట పడకుండా చూడాలి, రాత్రిపూట పాపని స్టేషన్లో ఉంచకూడదు. మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులు గానీ పాప నమ్మే మనిషి గానీ పక్కన ఉండొచ్చు, ఆ మనిషివి నువ్వే అవ్వొచ్చు. వైద్య పరీక్ష ఆడ డాక్టరే చెయ్యాలి. కేసు నడిచినంత కాలం పాపకి తోడుగా ఒక సపోర్ట్ పర్సన్‌ని కమిటీ ఇవ్వొచ్చు. రాసి ఉన్నవన్నీ అన్ని చోట్లా అలాగే జరుగుతాయని నేను నీకు చెప్పను, కొన్ని చోట్ల జరగవు. కానీ ఇలా ఉండాలని నీకు తెలిసి ఉంటే, లేనప్పుడు అడుగుతావు, ఆ అడిగే మనిషి ఒకరు ఉంటే పాపకి చాలా తేడా వస్తుంది.

హోమ్ సంగతి. చేసినవాడు అదే ఇంట్లో ఉంటున్నప్పుడు పోలీసులు 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీకి చెప్పాలి, ఆ కమిటీ మూడు రోజుల్లోపు పాప ఆ ఇంట్లో ఉండాలా వద్దా అని చూసి చెప్పాలి, పాపకి ఏం ఇష్టమో అడగాలి కూడా. హోమ్‌లో పెట్టే అవకాశం లేదని అబద్ధం చెప్పను. ముఖ్యంగా తల్లి దేశంలో లేదు కాబట్టి కొన్నాళ్ళు ఉండాల్సి రావొచ్చు. కానీ నమ్మకస్తులైన బంధువులు ఎవరైనా ఉంటే అక్కడికి పంపే వీలుంది. తల్లి తరఫున మేనమామ ఉన్నాడా, పెద్దమ్మ ఉందా, పాప మాటల్లో ఎవరి పేరైనా ఇష్టంగా వస్తుందా, అది గమనించి కమిటీకి చెప్పు. ఇంటి నుంచి దూరం చేశానన్న బాధ నీకు ఉంటుంది. ఆ ఇంటికి వెళ్ళకుండా ఉండటానికే కదమ్మా అది ఆదివారం కూడా క్లాస్ పెట్టమంది.

ఒట్టు గురించి. నీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది ఇదే. తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పితే ఆ తల గల మనిషికి కీడని మనం చిన్నప్పటి నుంచీ విని పెరిగాం, నీకు భయమేసి ఉంటుంది, పాపకీ అదే భయం. అందుకే దానికి తెలీకుండా వెనక నుంచి తప్పకు. ఫోన్ చేసే ముందు, లేదా చేసిన వెంటనే, పాపని ఒక్కదాన్నే, కానీ నలుగురికీ కనపడే చోట, వరండాలోనో చెట్టు కిందో కూర్చోబెట్టుకుని చెప్పు. ఇలా అనొచ్చు: "ఆ రోజు నువ్వు ఒట్టు అడిగితే వేశాను, అది నా తప్పు, నేను వెయ్యాల్సింది కాదు. నువ్వు చెప్పింది నేనొక్కదాన్నే మొయ్యలేను, ఆపలేను. ఆపగలిగే పెద్దవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి మాత్రమే చెప్తాను, ఊళ్ళో ఎవరికీ చెప్పను. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. ఒట్టు వేసింది నేను, తప్పేదీ నేనే, నీ తలకేం కాదు." పాప కోప్పడొచ్చు, నీతో మాట్లాడటం మానెయ్యొచ్చు. ఓర్చుకో. అమ్మ చచ్చిపోతుందన్న మాటకి కూడా జవాబివ్వు, "అమ్మకి బాధేస్తుంది, ఏడుస్తుంది, కానీ చచ్చిపోదు, నిన్ను భయపెట్టడానికి అలా అన్నారు" అని.

ఇంకా వివరాలు అడగొద్దు. ఎన్నిసార్లు, ఏం చేశాడు, ఎప్పటి నుంచి, ఇవేవీ నువ్వు అడగకు, "అలా చేశాడా ఇలా చేశాడా" అని నువ్వు మాటలు అందించావంటే రేపు కోర్టులో అవి టీచర్ నేర్పిన మాటలంటారు. పాప తనంతట తాను చెప్తే విను, నమ్ముతున్నానని చెప్పు. ఇప్పటి వరకు చెప్పింది ఈ రోజే ఒక కాగితం మీద రాయి, తేదీ, టైము, ఎక్కడ కూర్చున్నారు, పాప వాడిన మాటలు ఉన్నది ఉన్నట్టు పాప యాసలోనే, నీ అభిప్రాయాలు కలపకుండా. లెసన్ ప్లాన్ రికార్డ్‌లో కాదు, విడిగా రాసి నీ దగ్గరే పెట్టుకో. ఆ బాబాయ్‌ని మాత్రం నువ్వు కలవొద్దు, నిలదియ్యొద్దు, ఎంత కోపమున్నా సరే.

వాట్సాప్ గ్రూప్ విషయం. నువ్వు చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదు, దిక్కు తోచక పెట్టావు. కానీ అరవై మంది ఉన్న గ్రూప్‌లో పాప పేరు, ఊరు ఉన్నాయి. ఇలాంటి కేసుల్లో పిల్లల పేరు, స్కూలు, ఇల్లు, ఫొటో బయటపెట్టడాన్ని పోక్సో చట్టం 23వ సెక్షన్‌లో నిషేధించారు. ఈ ఉత్తరంలో వివరాలు నేను మార్చింది కూడా అందుకే. అందరికీ డిలీట్ అయ్యేలా తీసెయ్యి, టైం దాటిపోయి అవ్వకపోతే అడ్మిన్‌కి చెప్పి తీయించు, స్క్రీన్‌షాట్లు తీసినవాళ్ళుంటే తీసెయ్యమని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగు. ఇక ముందు దీని గురించి మాట్లాడేది ఒకరిద్దరితోనే.

మీ అమ్మగారి మీద కోపం పెట్టుకోకు. ఆవిడ భయం ఆవిడది, ఊళ్ళో మాటలు ఆవిడకి తెలుసు. తర్వాత నిన్ను సాక్షిగా పిలవొచ్చు, ఆ మాట ఆవిడకి దాచకుండా చెప్పు. ఏడాదిలోపు విచారణ పూర్తవ్వాలని చట్టంలో ఉన్నా ఆలస్యాలు అవుతాయి, అప్పటికి నీకు ఉద్యోగమో పెళ్ళో అయి ఉండొచ్చు, ఒకటి రెండు సార్లు కోర్టుకి రావాల్సి వస్తుంది. పాప తన సాక్ష్యం చెప్పేది స్పెషల్ కోర్టులో, తలుపులు వేసి, బయటివాళ్ళు లేకుండా. సర్టిఫికెట్ ఆపడానికి ఎవరికీ ఏ కారణమూ లేదు, అయినా మీ కాలేజీ ప్రిన్సిపాల్‌కి నువ్వు ఫోన్ చేసిన రోజే పాప పేరు రాయకుండా ఒక చిన్న లెటర్ ఇవ్వు, "నా ఇంటర్న్‌షిప్ స్కూల్లో ఒక పిల్ల విషయంలో చట్టప్రకారం సమాచారం ఇచ్చాను" అని, కాపీ మీద సంతకం తీసుకో. రేపు ఎవరైనా అటెండెన్స్ తక్కువ అనో ప్రవర్తన బాలేదనో అంటే నీ దగ్గర కాగితం ఉంటుంది. రెండేళ్ళ బీఈడీలో మనకి సైకాలజీ పేపర్ ఉంది, మైక్రో టీచింగ్ ఉంది, ఒక పిల్ల ఇలా వచ్చి చెప్తే ఏం చెయ్యాలో ఒక్క పూట కూర్చోబెట్టి చెప్పరు, నాకు చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఆ లెటర్ ఇచ్చేటప్పుడు ఆ మాట కూడా అడుగు మీ ప్రిన్సిపాల్‌ని, మీ జూనియర్లకైనా ఒక క్లాస్ పెట్టమని.

ఏ దారీ పట్టకుండా ఊరుకోవడం కూడా ఉంది. రెండు నెలల్లో నువ్వు వెళ్ళిపోతావు, ఎవరూ నిన్ను అడగరు కూడా. ఆ దారి గురించి నేను ఎక్కువ రాయను, ముప్పై ఏళ్ళు దాటినా ఆ పిల్లాడి మధ్య వేలు గోరు నాకు గుర్తుంది.

ఇంకొకటి. ఇంటర్న్‌షిప్ అయిపోయిన రోజు ఆ పాపకి చెప్పకుండా వెళ్ళిపోకు. నీ తర్వాత స్కూల్లో ఎవరి దగ్గరికి వెళ్ళొచ్చో, హిందీ టీచరో, పీఈటీ మేడమో, ఒక్క మనిషిని చూసి, వాళ్ళతో ముందే మాట్లాడి, పాపని తీసుకెళ్ళి వాళ్ళకి అప్పగించు.

నాకు నీ నంబర్ ఉంది, నీకు నా నంబర్ పంపాను. 1098 కి చేసేటప్పుడు చేతులు వణికితే ముందు నాకు చెయ్యి, కాన్ఫరెన్స్‌లో నేనూ ఉంటాను, మాట్లాడేది మాత్రం నువ్వే. ఎంత రాత్రైనా పర్లేదు.